స్పూలా, కండెనా

మా ఆయన అంబదాస్ తన తలకాయ సరిగ్గా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి చేపలు పట్టే రీలును ఎంచుకున్నాడు. కరీంనగర్ దవాఖానలో స్కానింగ్ తీయించాం. డాక్టరు ఆ ఫిల్మును వెలుగుకు పట్టుకుని చూసి, ఏమీ లేదు, నిశ్చింతగా ఉండండి అన్నాడు. అంత చదువుకున్న మనిషి మాట ఈయనకు చెవికెక్కలేదు. పక్కింటి తిమోతి సంచిలోంచి తీసిచ్చిన పిడికెడు రీలు ఏం చెబితే అదే నమ్ముతానన్నాడు. ఆ వారమంతా మా ఇంట్లో నాకంటే ఆ రీలుకే ఎక్కువ మర్యాద జరిగింది. అన్నం చల్లారినా పట్టించుకోడు, రీలు మీద ఈగ వాలితే మాత్రం తువ్వాలుతో విసురుతాడు. నాకు ఒళ్లు మండదా మరి?

ఈయన సంగతి కొంచెం చెప్పాలి. ఈయనది నిర్మల్ దగ్గర ఊరు. తండ్రి చేతిమగ్గం నేసేవాడు. మీసాలు రాకముందే ఈయన బొంబాయి దగ్గరి భీవండి వెళ్లి సాంచాల మీద పని నేర్చుకున్నాడు. మరమగ్గాన్ని మా వైపు సాంచ అంటాం. తిరిగొచ్చేటప్పుడు ఆ పనితో పాటు మరాఠీ లెక్క కూడా వెంట తెచ్చుకున్నాడు. ఏది విప్పినా, ఏది బిగించినా "ఏక్, దోన్, తీన్" అనుకుంటూనే చేస్తాడు. పెళ్లైన కొత్తలో పంచలో కూర్చుని ఏదో గొణుగుతుంటే మంత్రాలేమో అనుకుని హడలిపోయాను. తీరా చూస్తే సైకిల్ చైను వేస్తున్నాడు.

గంగాధర దగ్గర మా చిన్న ఊళ్లో ఓంప్రకాశ్ సేటు షెడ్డు ఉంది. ఈయన అందులో నేతపనికి చేరి, కొన్నేళ్లకు సాంచాలు బాగుచేసే మెకానిక్ అయ్యాడు. ఆ షెడ్డులో పక్కవాడు అరిచినా వినబడదు. ఈయన మాత్రం నడుస్తున్న సాంచ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడి, "గిది ఎడమదిక్కు కొట్టుకుంటుంది" అని పానా తీసేవాడు. షెడ్డులో అందరికీ ఆ చెయ్యంటే గురి. నాకూ గురే కానీ, మొగుడి ముందు ఆ మాట ఎవరు చెప్పుకుంటారు?

నేను ఇంట్లో కండెలు చుడతాను. కండె అంటే దారం చుట్టిన పుల్ల. సాంచలో అటూ ఇటూ ఉరికే నాడె లోపల దాన్ని పెడతారు. మా మొదటి జగడం ఆ కండెల దగ్గరే జరిగింది. చుట్టిన కండెల కొసలు వేలాడుతుండగానే గంపలో వేశాను. గంప చూసి ఈయన ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"కండెకు కొస విడిచిపెడ్తరా ఎవలన్న? గంపంత చిక్కువడ్తది! మెడకు రెండు సుట్లు సుట్టి, కొస అండ్ల దోపాలె. గింత తెల్వదా?"

"మా అవ్వ నాకు గవన్నీ నేర్పలే. నేర్చుకున్నదాన్ని చేసుకోకపోయినవా?" అన్నాను.

ఆ పూట ఇద్దరం అన్నం తినలేదు. తర్వాత నేర్చుకున్నాననుకోండి. ఎంత నేర్చుకున్నానంటే, ఇప్పుడు ఆ చుట్లు వేళ్లే చుడతాయి, నేను టీవీ చూస్తుంటాను.

అంతా బాగానే ఉండగా మొన్న ఎండాకాలంలో కుక్క అడ్డమొచ్చి బండి మీంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. కుట్లు మానాయి, వెంట్రుకలు కూడా వచ్చాయి, కానీ ఈయనలో గుబులు పోలేదు. నన్ను ఒకసారి వాళ్లక్క పేరుతో పిలిచాడు. ఇంకోసారి చల్ల తాగి, ఇంకా చల్ల పొయ్యలేదేమని అడిగాడు. పడకముందు కూడా ఇలాంటివి ఎన్నో చేశాడు. అప్పుడు తిట్టి ఊరుకునేదాన్ని. ఇప్పుడు తిడితే ముఖం వాడిపోతోంది. తిట్టకపోతే, "ఏందే, తిడ్తలేవు? నాకేమైందని?" అని అనుమానపడుతున్నాడు. ఎటు పోయినా నాదే తప్పు.

చివరికి షెడ్డులోనే జరిగింది. ఒక సాంచ విప్పాడు. విప్పి, ఎందుకు విప్పాడో మరిచిపోయాడు. చేతిలో పానాతో అలాగే నిలబడ్డాడట. నేసేవాళ్లంతా చూస్తూ ఉండిపోయారు. సాంచ అలాగే వదిలేసి ఇంటికి వచ్చాడు. మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు. ఓంప్రకాశ్ సేటు మంచివాడే, చాలా రోజులు ఓపిక పట్టాడు. ఈ మధ్య ఫోన్ చేసి, "సోమవారం వస్తవా అంబదాసూ? రాకుంటే రాననే చెప్పు, వేరే మనిషిని చూసుకుంట" అన్నాడు. ఈయన ఆలోచించి చెబుతానన్నాడు.

అప్పుడు వచ్చింది ఈ రీలు.

తిమోతిది ఖానాపూర్. మెథడిస్టు చర్చివాళ్లు. కరీంనగర్‌లో మందుల దుకాణంలో ఉద్యోగం, మా పక్క వాటాలో అద్దెకుంటున్నాడు. ఆదివారం ప్రార్థన తప్పించడు, సెలవు దొరికితే గాలం తప్పించడు. కడెం వాగు ఒడ్డున రీలు ఇసుకలో పడిందట.

"అన్నా, గరగరమంటుంది. శనివారం ఊరికి పోతున్న. అప్పటిదాంక జర సాఫ్ చేసియ్యరాదే" అని ఈయన చేతిలో పెట్టాడు.

చూడటానికి ముద్దుగానే ఉంది. పిడి తిప్పితే ముందుభాగం గిర్రున తిరుగుతుంది. దారం చుట్టిన గుండ్రటి ముక్క ఒకటి మెల్లగా పైకి పోతూ, మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది, దారం ఒకచోటే కుప్ప పడకుండా. అది చూసి ఈయన కళ్లు మెరిశాయి. అన్నాళ్లకు ఆ మెరుపు చూసి నాకూ ప్రాణం లేచొచ్చింది.

"గీ కండె మస్తుగ ఆడుతుందే!" అన్నాడు.

"కండె కాదన్నా, దాన్ని స్పూలు అంటరు" అన్నాడు తిమోతి.

"పేరేదైతేంది తమ్మీ, దారం సుట్టినంక అది కండెనే."

తిమోతి నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వుతో పోయిందనుకున్న మాటే మా కొంప ముంచింది, అది తర్వాత.

తిమోతి వెళ్లాక ఈయన నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "అనసూర్యా, ఇది ఇప్పి, సాఫ్ చేసి, మల్ల బిగిస్త. తిరిగిందా, సోమవారం షెడ్డుకు పోత. తిరగలేదా, సేటుకు ఫోన్ చేసి వేరే మనిషిని సూసుకోమంట. ఇగ పానా ముట్ట."

"నీకేమన్న పిచ్చా? ఎన్నడు చూడని సామాను మీద పరీక్ష ఏంది?"

"ఎన్నడు సూడనిదైతేనే తలకాయ ఉన్నదో లేదో తెలుస్తది."

ఆ మాటకు కోపమొచ్చి గిన్నెలు గట్టిగా తోమాను.

తెల్ల తువ్వాలు పరిచి మొదలుపెట్టాడు. ఒక్కో ముక్క తీయడం, ఫోన్‌లో ఫొటో కొట్టడం, తువ్వాలు మీద వరసగా పెట్టడం. కిరసనాయిలులో కడిగాడు, పాత పళ్ల బ్రష్షుతో రుద్దాడు, కొత్త గ్రీజు పెట్టాడు. ఫొటోలు చూసుకుంటూ వెనక నుంచి ముందుకు బిగించాడు. ఏక్, దోన్, తీన్, చార్. ఒక్క ముక్క మిగల్లేదు. పిడి పట్టుకుని తిప్పాడు.

కొంచెం తిరిగి పట్టేసింది.

వెనక్కి తిప్పి మళ్లీ తిప్పాడు. కండె పైకి హాయిగా వచ్చింది, కిందికి దిగేటప్పుడు ఎవరో లోపల కూర్చుని పట్టుకున్నట్టు ఆగిపోయింది.

"గ్రీజు ఎక్కువైనట్టుంది" అన్నాడు. విప్పి, తుడిచి, బిగించాడు. పట్టేసింది. "వాచర్ తిరగవడ్డది" అన్నాడు. ఫొటో చూస్తే వాచర్ సరిగ్గానే ఉంది. అయినా తిప్పి పెట్టి చూశాడు, ఇంకా గట్టిగా పట్టేసింది, మళ్లీ మామూలుగా పెట్టాడు. "మర ఎక్కువ బిగిసింది" అన్నాడు. వదులు చేస్తే రీలంతా లొడలొడలాడింది కానీ పట్టేయడం మాత్రం మానలేదు.

అసలు వింత ఇంకొకటుంది. ఆ కండె తీసేస్తే రీలు సర్రున తిరుగుతుంది. ఎంత సేపు తిప్పినా సరే, వెన్నలో వేలు పెట్టినట్టు ఉంటుంది. మళ్లీ కండె పెట్టి బిగిస్తే మొరాయిస్తుంది. సరే, దోషం కండెలోనే ఉందనుకున్నాడు. దాన్ని వెలుగులో పట్టుకుని లోపల, బయట, అంచు, అడుగు అన్నీ చూశాడు. గీత లేదు, సొట్ట లేదు. అది నిలబడే ఇనుప కడ్డీని తుడిచి తుడిచి అద్దంలా చేశాడు. కండె మంచిదే, కడ్డీ మంచిదే, కడుపులో పళ్లచక్రాలు మంచివే. అన్నీ కలిపితే మాత్రం తిరగదు.

"గిదేం పరేషాన్‌రా నాయనా! ఇప్పితే తిరుగుతది, బిగిస్తే తిరుగది. బిగించేటోడే ఖరాబు" అన్నాడు.

"ఆ ఇనుప ముక్కతోనే కాపురం చెయ్యి. నేను మా తమ్ముని ఇంటికి పోత" అన్నాను.

మామూలుగా అయితే, పో, వచ్చేటప్పుడు జొన్నరొట్టెలు తీసుకురా అనేవాడు. ఈసారి తల ఎత్తలేదు. నెమ్మదిగా అడిగాడు. "అనసూర్యా, నేను సక్కగనే బిగిస్తున్ననా? నువ్వు సూస్తనే ఉన్నవ్ గద. నాకు తెల్వకుండ ఏమన్న తప్పు చేస్తున్ననా?"

నాకు భయం వేసింది. ఈయన కోప్పడితే తట్టుకుంటాను, అలిగితే తట్టుకుంటాను. తన చేతుల గురించి నన్ను అడగడం నేను తట్టుకోలేకపోయాను. రీలు గురించి నాకేం తెలుసు? సక్కగనే బిగిస్తున్నవ్ అన్నాను. ఆ మాట నాకే నమ్మకంగా వినబడలేదు.

శుక్రవారం సాయంత్రం తిమోతి బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు. ఈయన రీలును, విడిగా ఉన్న కండెను తువ్వాలుతో సహా ముందుకు జరిపాడు.

"నాతోని కాలే తమ్మీ. ఏమనుకోకు."

"అయ్యో, ఏముందన్నా అండ్ల" అంటూ తిమోతి ఊరికే, మాట్లాడుతూ మాట్లాడుతూ, స్పూలు తీసి కడ్డీకి తగిలించి పైన బిగించి పిడి తిప్పాడు. రీలు సర్రున తిరిగింది. స్పూలు పైకి వచ్చింది, కిందికి దిగింది, మళ్లీ పైకి వచ్చింది. చప్పుడు కూడా లేదు.

"మస్తు చేసినవ్ గదన్నా! కొత్తదాని లెక్క ఉన్నది. కాలే అంటవేంది?" అన్నాడు తిమోతి.

ఈయన రీలు అందుకుని తిప్పాడు. తిరిగింది. స్పూలు విప్పాడు, మళ్లీ తానే బిగించాడు, తిప్పాడు. పట్టేసింది. తిమోతి తీసుకుని, విప్పి, పెట్టి, తిప్పాడు. తిరిగింది. ఈయన మళ్లీ విప్పి, పెట్టి, తిప్పాడు. పట్టేసింది.

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అవే ముక్కలు, అదే కడ్డీ, అదే దారం. తిమోతి చేతిలో తిరుగుతుంది, ఈయన చేతిలో తిరగదు. దయ్యాలున్నాయంటే నవ్వేదాన్ని, ఆ క్షణంలో నాకు నవ్వు రాలేదు.

"నా రీలుకు నా చెయ్యి అలవాటైనట్టుందన్నా" అన్నాడు తిమోతి, ఏదో ఒకటి అనాలి కాబట్టి. అంతకంటే ఊరుకున్నా బాగుండేది.

ఈయన లేచి గోడకు ఆనుకుని నిలబడి జేబులోంచి ఫోన్ తీశాడు. సేటు పేరు వెతుకుతున్నాడని నాకు తెలుసు. ఎక్కడినుంచి వచ్చిందో ఆ బలం, ఫోన్ లాక్కుని నా బొడ్డులో దోపుకున్నాను.

"ఫోన్ ఇయ్యి."

"ఇయ్య. ఇంకొక్కసారి బిగించు. నా ముంగట కూసొని బిగించు."

"ఎన్నిసార్లు బిగించినా గంతేనే."

"బిగించుమన్న గద!"

నా గొంతుకు తిమోతి కూడా సర్దుకుని కూర్చున్నాడు. నేను ఈయనకు ఎదురుగా మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. ఇన్నాళ్లూ మేమంతా రీలునే చూశాం. రీలు నాకు అర్థం కాదు. అందుకని దాన్ని చూడటం మానేసి ఈయన చేతులు చూశాను.

పైన మర విప్పాడు. కండె పైకి లాగి పక్కన పెట్టాడు. మళ్లీ మొదలు. "ఏక్." కడ్డీ తుడిచాడు. "దోన్." వాచర్ పెట్టాడు. "తీన్." కండెను కడ్డీకి ఎక్కించాడు. "చార్." పైన మర బిగించాడు.

తీన్‌కూ చార్‌కూ మధ్య ఆ వేళ్లు చేసిన పనొకటి నా కంటబడింది.

"ఆగు! ఇప్పుడు ఏం చేసినవ్?"

"ఏం జేసిన? మర బిగించిన."

"దానికి ముందు?"

"కండె ఎక్కించిన."

"కండె ఎక్కించినంక, మర బిగించకముందు?"

"ఏం చెయ్యలే."

"తిమోతీ, నువ్వన్న చూసినవా?"

"ఏం చెయ్యలే వదినా" అన్నాడు తిమోతి.

నేను రీలు లాక్కున్నాను, మర మాత్రం విప్పలేదు. కండెను చూపుడువేలితో కొంచెం పైకి నెట్టి, సందులోకి గోరు పోనిచ్చి మెల్లగా లాగాను. కంటికి ఆనని దారం, నీళ్లలాంటి నైలాన్ దారం, నా గోరు వెంట బయటికి వచ్చింది. కడ్డీకి, సరిగ్గా కండె మెడ కింద, రెండు చుట్లు. కొస ఆ చుట్లలోనే దోపి ఉంది. ఎంత నీటుగా దోపాడో! నాకు తిట్లు తిట్టి నేర్పింది ఆ దోపుడే.

కండె ఎక్కించగానే ఈయన బొటనవేలు, చూపుడువేలు వేలాడే కొసను పట్టుకుని, కండె అడుగున కడ్డీకి చుట్టి, దోపి, ఏమీ ఎరగనట్టు పక్కకు జరిగాయి. రెప్పపాటు పని. లెక్కలో లేదు, ఫొటోల్లో లేదు. కండె కిందికి దిగినప్పుడల్లా ఆ చుట్ల మీద కూర్చుని పట్టేస్తోంది. నూలైతే చుట్టినచోట ఉండేది, దొరికేది. నైలాన్ కదా, విప్పి కండె పైకి లాగగానే దానంతటదే ఊడి లేచి నిలబడుతుంది. అందుకే విప్పి చూసిన ప్రతిసారీ ఏ దోషమూ కనబడలేదు. తిమోతి దాన్ని స్పూలనుకుని పెడుతున్నాడు, తిరుగుతోంది. ఈయన కండె అనుకుని పెడుతున్నాడు, పట్టేస్తోంది.

తిమోతి పడీ పడీ నవ్వాడు. "అన్నా, గాలం దారానికి కొస దోపుతరా! అది నీళ్లల్లకు పోవాలె గదనే!" నాకూ నవ్వు ఆగలేదు, నవ్వుతూనే కళ్లలో నీళ్లొచ్చాయి.

ఈయన మాత్రం నవ్వలేదు. ఆ దారం కొసను వేళ్ల మధ్య పట్టుకుని చూస్తూ ఉన్నాడు.

"నేనే సుట్టిన్నా?"

"నువ్వే. నా కండ్లతోని చూసిన."

"నాకు యాదికి లేదు." ఆ కొసను నా ముందుకు చాపాడు. "సూసినవా మరి? ఇప్పుడే చేసిన పని, ఇప్పుడే యాదికి లేదు. నేను అనేది గిదే. మీరు నవ్వుతుండ్రు."

తిమోతి నవ్వు టక్కున ఆగిపోయింది. నాకు మాత్రం, ఎందుకో, ఆ నిమిషాన భయమంతా పోయింది. తెలిసిన విషయం మాట్లాడేటప్పుడు మనిషికి ధైర్యం దానంతటదే వస్తుంది కాబోలు. రీలు సంగతి నాకు తెలియదు, కండె సంగతి తెలుసు.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. భీవండి పోయిన కాడికెళ్లి నువ్వు ఎన్ని కండెల కొసలు దోపి ఉంటవ్?"

"ఎవలు లెక్కవెట్టిండ్రు?"

"అండ్ల ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, దోపినట్టు యాదికున్నదా నీకు?"

నుదురు ముడుచుకుంది. నిజంగానే వెతుకుతున్నాడు. భీవండిలో వెతికాడో, మా షెడ్డులో వెతికాడో.

"లేదు" అన్నాడు.

"బండి మీదికెళ్లి పడకముందు?"

"అప్పుడు సుత లేదు."

నేను మూలనున్న గంప లాగి ముందు పెట్టాను. పొద్దున చుట్టిన కండెలు, ప్రతి దాని మెడకూ రెండు చుట్లు, కొస దోపి ఉంది. "ఇవన్నీ నేను పొద్దుగాల దోపిన. నాకు ఒక్కటి యాదికి లేదు. మరి నాకు సుత తలకాయ ఖరాబైందా? నన్ను సుత తీస్కపోతవా స్కానింగ్‌కు?"

ఈయన గంపలోంచి ఒక కండె తీసుకుని, మెడ దగ్గర చుట్లను బొటనవేలితో తడిమాడు. తర్వాత దాన్ని గంపలో వేసి, రీలు అందుకుని, తిమోతికి ఇవ్వడానికి మళ్లీ బిగించాడు. ఏక్, దోన్, తీన్. కొస వైపు వెళ్లబోయిన తన కుడిచేతిని ఎడమచేత్తో ఫట్‌మని ఒక్కటేశాడు.

"కండె కాదే అది, స్పూలు!" అన్నాడు ఆ చేతిని చూసి.

చార్. తిప్పాడు. రీలు తిరిగింది. ఆపకుండా చాలాసేపు తిప్పుతూనే ఉన్నాడు. తన రీలు కోసం తిమోతి చెయ్యి చాపి చాపి, చివరికి దించుకున్నాడు.

ఫోన్ నేను ఇవ్వలేదు, ఈయన అడగలేదు. మర్నాడు సేటే చేస్తే, "వస్తున్న" అని ఒక్క మాట అన్నాడు.

సోమవారం పొద్దున సద్ది డబ్బా సంచిలో పెట్టిచ్చాను. గడప దాకా వెళ్లి ఆగాడు. భయంగా ఉందా అని అడిగాను. ఉన్నది అన్నాడు. దాచలేదు. నాకూ భయంగానే ఉంది, ఆ మాట చెప్పలేదు. సంచిని బండి హ్యాండిల్‌కు తగిలించి, నా వైపే చూస్తూ, వేలాడుతున్న సంచి తాడును హ్యాండిల్ చుట్టూ రెండు చుట్లు చుట్టి, కొస అందులో దోపాడు.

"ఇప్పుడు ఏం చేసినవ్?" అన్నాను.

వెంటనే కంగారుగా తన చేతులు చూసుకున్నాడు, బండి చూశాడు, నన్ను చూశాడు. "ఏం జేసిన?"

"ఏం లేదు తియ్యి. పో, ఆలస్యమైతుంది" అన్నాను.